అబ్లేషన్ తరువాత: నా గుండె కోలుకున్న క్రమం

గుండె లయ తప్పే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బుకు అబ్లేషన్ (గుండె లోపల మచ్చలు ఏర్పరచి లయను సరిచేసే చికిత్స) చేయించుకుని ఇంటికి వచ్చిన నాటి నుంచి బంధువులు, ఇరుగుపొరుగువారు, నాతో కలిసి పనిచేసిన ఉపాధ్యాయులు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్న ఒక్కటే: "పూర్తిగా తగ్గిపోయిందా?" ఈ ప్రశ్నకు మొదటి నెలలో నేను చెప్పిన సమాధానం వేరు, మూడో నెలలో చెప్పినది వేరు, ఏడాది దాటాక ఇప్పుడు చెబుతున్నది వేరు. అబ్లేషన్ ఎలా చేస్తారో వివరించేవారు చాలామంది దొరుకుతారు గాని, ఆ తరువాత ఇంట్లో గడిచే నెలలు ఎలా ఉంటాయో, ఫలితాన్ని ఎప్పుడు, దేనితో కొలవాలో చెప్పేవారు తక్కువ. ఆ నెలల గురించే నేను వివరంగా రాయదలచుకున్నాను.

నాకు 67 ఏళ్లు. తెనాలి దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో ప్రధానోపాధ్యాయురాలిగా పదవీ విరమణ చేశాను. బీపీ చాలా ఏళ్లుగా ఉంది, చక్కెర వ్యాధి ఆ తరువాత వచ్చింది. గుండెదడ మాత్రం మొదట అప్పుడప్పుడూ వచ్చి, గంటసేపు ఉండి, దానంతట అదే పోయేది. ఆసుపత్రికి చేరి ఈసీజీ తీసే సమయానికి అంతా మామూలుగా ఉండేది. అందువల్ల చాలాకాలం దాన్ని ఆందోళనగానో, గ్యాస్‌గానో భావించారు. చివరకు ఒంటికి అతికించి రాత్రింబవళ్లు గుండె లయను నమోదు చేసే హోల్టర్ పరికరంలో అసలు విషయం బయటపడింది. గుండె పై గదులు ఒక క్రమంలో ముడుచుకోకుండా నిమిషానికి కొన్ని వందలసార్లు గజిబిజిగా వణకడం, ఆ వణుకును అందుకుని కింది గదులు అడ్డదిడ్డంగా కొట్టుకోవడం ఈ జబ్బు లక్షణం. ఆ సమయంలో పై గదిలో రక్తం నిలిచిపోయి గడ్డ కట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం వస్తుంది. నా వయసు, బీపీ, చక్కెర మూడూ కలిసి ఆ ప్రమాదం నాకు తక్కువేమీ కాదని డాక్టరుగారు మొదటి రోజే స్పష్టంగా చెప్పి, రక్తం పలచబరిచే ఎపిక్సబాన్ మాత్రను ఉదయం ఒకటి, రాత్రి ఒకటి చొప్పున రాశారు.

దడను అదుపు చేయడానికి మెటోప్రొలాల్ ఇచ్చారు. అది చాలనప్పుడు ఎమియోడరోన్ కలిపారు. ఎమియోడరోన్ బాగానే పనిచేసింది గాని, కొన్ని నెలలకు రక్తపరీక్షలో థైరాయిడ్ అంకెలు మారడం మొదలైంది. ఆ మందులో అయోడిన్ ఎక్కువగా ఉంటుంది కనుక ఇలా జరుగుతుందని, ఎక్కువకాలం వాడితే ఊపిరితిత్తులను, కాలేయాన్ని కూడా గమనిస్తూ ఉండాలని చెప్పారు. అబ్లేషన్ ప్రస్తావన అప్పుడు వచ్చింది.

హైదరాబాదులో నన్ను చూసిన ఎలక్ట్రోఫిజియాలజిస్టు (గుండె లయ నిపుణుడు) గారు చాలా ఓపికగా వివరించారు. 1998లో ఫ్రాన్సులోని బోర్డో నగరంలో మిషెల్ హైసగేర్ బృందం ఒక విషయం కనిపెట్టిందట. ఈ గజిబిజి లయను రేపే విద్యుత్ సంకేతాలు చాలావరకు ఊపిరితిత్తుల నుంచి మంచి రక్తాన్ని ఎడమ పై గదికి తెచ్చే సిరల మొదళ్లలో పుడుతున్నాయని వారు గుర్తించారు. నేటి అబ్లేషన్‌కు ఆధారం అదే. ఆ సిరల ముఖద్వారాల చుట్టూ వేడితో గాని, అతిశీతలంతో గాని, ఈ మధ్య వచ్చిన పల్స్‌డ్ ఫీల్డ్ పద్ధతిలో విద్యుత్ స్పందనలతో గాని వలయంగా మచ్చ ఏర్పరిస్తే, ఆ సంకేతాలు గుండెలోకి దాటలేవు. కృష్ణా డెల్టాలో పుట్టి పెరిగిన నాకు అది చేను చుట్టూ గట్టు వేయడంలా అర్థమైంది. గట్టు గట్టిపడేదాకా ఎక్కడో ఒకచోట నీరు ఊరవచ్చునని, కొన్నాళ్లకు ఎక్కడైనా గండి పడవచ్చునని కూడా ఆ పోలికలోనే నాకు బోధపడింది.

"ఇది చేయించుకుంటే నా ఆయుష్షు పెరుగుతుందా డాక్టరుగారూ?" అని సూటిగా అడిగాను. ఆయన కూడా సూటిగానే జవాబు చెప్పారు. 2019లో వెలువడిన కబానా అధ్యయనంలో 2,204 మందిని రెండు వర్గాలుగా చేసి, ఒక వర్గానికి అబ్లేషన్, మరొక వర్గానికి మందులు ఇచ్చి కొన్నేళ్లు గమనించారు. మరణం, తీవ్రమైన పక్షవాతం, పెద్ద రక్తస్రావం, గుండె ఆగిపోవడం అన్నీ కలిపి లెక్కించినప్పుడు రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా తేలలేదు. అయితే దడ తిరిగి రావడం అబ్లేషన్ వర్గంలో దాదాపు సగానికి తగ్గింది, వారి రోజువారీ జీవితం బాగుపడింది. గుండె కండరం బలహీనపడినవారి విషయం వేరని, 2018 నాటి కాజిల్-ఏఎఫ్ అధ్యయనంలో అటువంటివారిలో మరణాలు కూడా తగ్గాయని చెప్పి, "మీ గుండె కండరం బలంగానే ఉందమ్మా, కాబట్టి మీరు దీన్ని బాధ తగ్గడానికి, ఎమియోడరోన్ మానగలగడానికి చేయించుకోవాలి" అన్నారు. ఏమి ఆశించాలో, ఏమి ఆశించకూడదో ముందే తెలియడం నాకు తరువాతి నెలల్లో ఎంతో ధైర్యాన్నిచ్చింది. అబ్లేషన్‌కు సిద్ధమవుతున్న ప్రతి ఒక్కరూ ఈ ప్రశ్న అడిగి, సమాధానం విని, ఆ తరువాతే సంతకం చేయాలని నా గట్టి అభిప్రాయం.

చికిత్స గురించి నేను చెప్పగలిగింది కొంచెమే, ఎందుకంటే మత్తులో ఉన్నాను. ముందుగా గొంతులోంచి గొట్టం పంపి ఎకో (గుండె స్కాన్) తీసి, పై గదిలో రక్తపు గడ్డ లేదని నిర్ధారించుకున్నారు. కుడి గజ్జలోని సిర ద్వారా సన్నని తీగలను గుండెలోకి పంపి, రెండు పై గదుల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి, ఎడమ గదికి చేరి, కంప్యూటరు తెరపై గది నమూనా గీసుకుంటూ రేడియో తరంగాల వేడితో వలయాలు వేశారు. నాకు మెలకువ వచ్చేసరికి గొంతు రాసుకుపోయినట్లుంది, కాలు కదపవద్దని నర్సమ్మ పదేపదే చెబుతోంది.

ఆ తరువాతి కొన్ని గంటలు వెల్లకిలా, కాలు చాపి, తల ఎత్తకుండా పడుకోవాలి. రక్తం పలచబరిచే మందు ప్రభావంలో ఉండగా సిరకు రంధ్రం పడింది కనుక ఇది తప్పనిసరి. నడుము నొప్పి ఉన్నవారికి అసలు చికిత్స కన్నా ఇదే కష్టమనిపించవచ్చు; ముందే చెప్పుకుంటే నడుము కింద చిన్న దిండు పెడతారు, నొప్పికి మందు ఇస్తారు. గట్టిగా ఊపిరి పీల్చినప్పుడు ఛాతీలో గుచ్చినట్లు నొప్పి వచ్చింది. గుండె చుట్టూ ఉండే పొర వాపు వల్ల అలా ఉంటుందని, ముందుకు వంగి కూర్చుంటే తగ్గుతుందని, కొద్ది రోజుల్లో పోతుందని చెప్పారు. అలాగే పోయింది. మరునాడు ఎకోలో గుండె చుట్టూ నీరు గాని, రక్తం గాని చేరలేదని చూసి ఇంటికి పంపారు.

ఇంటికి వెళ్లేముందు డాక్టరుగారు మా అమ్మాయిని కూడా కూర్చోబెట్టి చెప్పిన ఒక హెచ్చరికను ఇక్కడ పూర్తిగా రాస్తాను. గుండె ఎడమ పై గదికి సరిగ్గా వెనుకనే అన్నవాహిక ఉంటుంది. గోడకు ఇచ్చిన వేడి అటువైపు తగిలితే, వేలమందిలో ఒకరికి, కొన్ని రోజుల నుంచి రెండు నెలల లోపు, అన్నవాహికకూ గుండెకూ మధ్య దారి పడే అవకాశం ఉంది. అది ప్రాణాంతకం. జ్వరం, చలి, మింగేటప్పుడు నొప్పి, ఛాతీ నొప్పి, రక్తపు వాంతి, మాట తడబడటం, కాలో చెయ్యో పడిపోయినట్లు అనిపించడం, వీటిలో ఏది వచ్చినా ఊళ్లో మామూలు జ్వరం మాత్ర వేసుకుని చూద్దామనుకోకుండా వెంటనే చికిత్స చేసిన ఆసుపత్రికి ఫోను చేయాలి. అటువంటి అనుమానం ఉన్నప్పుడు ముందుగా సీటీ స్కాన్ తీయాలి. గొంతులోంచి ఎండోస్కోపీ చేస్తే దానితో పోయే గాలి గుండెలోకి, అక్కడి నుంచి మెదడుకు చేరే ప్రమాదం ఉంది. ఊళ్లో మరో డాక్టరు దగ్గరకు వెళ్లవలసి వస్తే "నాకు ఇటీవల గుండెకు అబ్లేషన్ జరిగింది" అనే మాట మొట్టమొదట చెప్పాలి. మా అమ్మాయి ఈ మాటలన్నీ తెలుగులో ఒక కాగితం మీద రాసి, డిశ్చార్జి సమ్మరీ నకలుతో కలిపి, ఫ్రిజ్ తలుపుకు అంటించింది. అన్నవాహిక పుండు పడకుండా పాంటొప్రజోల్ మాత్రను కొన్ని వారాలపాటు పరగడుపున వేసుకోమన్నారు. ఆ వారాల్లో నేను ఆవకాయ, వేడివేడి కాఫీ, అప్పడాలు, జంతికల వంటి గరుకు పదార్థాలు మానేసి, చల్లారిన చారన్నం, పెరుగన్నం, ఇడ్లీ తిన్నాను.

గజ్జ దగ్గర గాయం చిన్నదే గాని, చుట్టూ కమిలిన రంగు తొడ సగం దాకా దిగింది. మొదట నలుపు, తరువాత ఊదా, ఆపైన పసుపు రంగులోకి మారుతూ పోయింది. ఇది చూసి భయపడనవసరం లేదు. శనగగింజంత గట్టిదనం చేతికి తగలడం కూడా మామూలేనట. ఉబ్బు పెరుగుతూ పోవడం, లోపల దడదడ కొట్టుకుంటున్నట్లు అనిపించడం, కాలు చల్లబడటం, రక్తం కారడం మాత్రం మామూలు కాదు. రక్తం కారితే పడుకుని, గట్టిగా అదిమిపట్టి, సహాయం పిలవాలి. మన ఇళ్లలో పాటించవలసినవి కొన్ని ఆసుపత్రి కాగితంలో రాయలేదు, నేను అడిగి తెలుసుకున్నాను. మొదటి వారం నేల మీద బాసిపట్టు వేసుకుని కూర్చోకూడదు, మడమల మీద కూర్చునే మరుగుదొడ్డి వాడకూడదు, నీళ్ల బిందె ఎత్తకూడదు, మంచం కింద పెట్టెలు లాగకూడదు. మలబద్ధకంతో ముక్కడం వల్ల కూడా గజ్జ మీద ఒత్తిడి పడుతుంది కనుక దానికి ముందే మందు అడిగి తీసుకోవడం మంచిది.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువగా కలవరపెట్టినది నీరసం. పెద్ద కోత లేదు, కుట్లు లేవు, చూసేవారికి నేను ఆరోగ్యంగానే ఉన్నాను. అయినా స్నానం చేసి వచ్చి మంచం మీద వాలిపోయేదాన్ని. మధ్యాహ్నం నిద్ర రాకపోయినా లేచి నిలబడాలనిపించేది కాదు. పైకి కనిపించేది గజ్జలో చిన్న రంధ్రమే అయినా, గుండె లోపలి గోడ మీద ఎన్నో చోట్ల కాలిన గాయాలు ఉన్నాయని, అవి మానడానికి వారాలు పడుతుందని గుర్తు చేసుకోవలసి వచ్చింది. నాడి కూడా మునుపటి కన్నా వేగంగా ఉండేది. చికిత్సకు ముందు విశ్రాంతిలో అరవైకి కాస్త అటూఇటూ ఉండే నాడి ఎనభై దాటుతుంటే ఏదో జరిగిందని అనుకున్నాను. సిరల మొదళ్ల దగ్గర గుండె వేగాన్ని తగ్గించే నరాల గుంపులు ఉంటాయని, వేడికి అవి కొంత దెబ్బతినడం వల్ల లయ సరిగానే ఉన్నా వేగం పెరుగుతుందని, కొన్ని నెలల్లో చాలావరకు సర్దుకుంటుందని డాక్టరుగారు చెప్పారు. వేగం వేరు, లయ వేరు అనే తేడా తెలుసుకున్న తరువాతే నా మనసు కుదుటపడింది.

రెండో వారం చివర, రాత్రి భోజనమయ్యాక, పాత దడ మళ్లీ వచ్చింది. ఆ క్షణంలో కలిగిన నిరాశను మాటల్లో పెట్టడం కష్టం. ఇంత ఖర్చు, ఇంత శ్రమ, పిల్లలు సెలవులు పెట్టుకుని రావడం, అన్నీ వృథా అయిపోయాయనిపించింది. మా వారు నా చెయ్యి పట్టుకుని నాడి చూస్తూ, "అడ్డదిడ్డంగానే ఉంది, కానీ డాక్టరుగారు ఇలా రావచ్చని ముందే చెప్పారు కదా" అన్నారు. మా అమ్మాయి కొనిచ్చిన చేతి గడియారంలో ఈసీజీ తీసి ఆసుపత్రికి పంపాము. మెటోప్రొలాల్ ఒకటి అదనంగా వేసుకోమని, ఎపిక్సబాన్ ఒక్క మోతాదు కూడా తప్పించవద్దని, కళ్లు తిరగడం, ఛాతీ నొప్పి, ఆయాసం ఉంటే వెంటనే రమ్మని చెప్పారు. తెల్లవారుజామున దానంతట అదే సర్దుకుంది. ఆ నెలలో అటువంటి దాడులు మరికొన్ని వచ్చాయి. ఒకసారి దడ క్రమబద్ధంగానే ఉండి వేగంగా కొట్టుకుంది. అది ఫ్లట్టర్ అనే మరో రకమని ఈసీజీ చూసి చెప్పారు.

చికిత్స తరువాత మొదటి కొన్ని వారాలను వైద్యులు బ్లాంకింగ్ పీరియడ్ అంటారు. ఆ వ్యవధిలో గాయాల వాపు వల్లే గుండె రెచ్చిపోయి దడ రావచ్చు కనుక, అప్పుడు వచ్చిన దాడులను వైఫల్యంగా లెక్కించరు. చాలాకాలం ఈ వ్యవధిని మూడు నెలలుగా పాటించారు. 2024లో అంతర్జాతీయ నిపుణుల ఏకాభిప్రాయ పత్రం దాన్ని ఎనిమిది వారాలకు కుదించింది. అయితే నాకు చెప్పినది, నేను ఇతరులకు చెప్పదలచినది ఇంకొంచెం ఉంది. ఈ వ్యవధిలో దాడులు అస్సలు రానివారితో పోలిస్తే వచ్చినవారికి తరువాత కూడా వచ్చే అవకాశం ఎక్కువే, ముఖ్యంగా అవి వ్యవధి చివర్లో వస్తుంటే. కనుక "ఏమీ కాదులే" అని కొట్టిపారేయడమూ సరికాదు, "పోయింది, అంతా పోయింది" అని కుంగిపోవడమూ సరికాదు. దాడి వచ్చినప్పుడు నమోదు చేయాలి, తెలియజేయాలి, మందులు తప్పకుండా వేసుకోవాలి, వేచి చూడాలి. దాడి ఆగకపోతే షాక్ ఇచ్చి లయను సరిచేసే మార్గం ఉంది. నాకు దాని అవసరం రాలేదు.

వేచి చూడటం మనసుకు సులభం కాదు. గడియారం చేతికి ఉండటం వల్ల గంటకోసారి ఈసీజీ తీసుకునే స్థితికి వచ్చాను. గుండె ఒక్కసారి కొట్టుకోవడం తప్పినట్లనిపించినా చూసేదాన్ని, ఏమీ లేకపోయినా చూసేదాన్ని. దాన్ని గమనించి డాక్టరుగారు ఉదయం ఒకసారి, బాధ కలిగినప్పుడు ఒకసారి తప్ప తీయవద్దని, రాత్రి గడియారం తీసి బల్ల మీద పెట్టి పడుకోమని చెప్పారు. ఆ చిన్న నియమం నా నిద్రను కాపాడింది. గుండె జబ్బు చికిత్స తరువాత వచ్చే ఈ భయం గురించి ఇళ్లలో ఎవరూ మాట్లాడరు. అది కూడా జబ్బులో భాగమేనని, దాన్ని డాక్టరుకు చెప్పుకోవడంలో తప్పు లేదని నా విద్యార్థుల తల్లిదండ్రుల వయసువారికి, నా వయసువారికి మనవి చేస్తున్నాను.

మూడో నెల నుంచి మార్పు స్పష్టంగా తెలిసింది. దాడుల మధ్య ఎడం పెరిగింది. ఎమియోడరోన్ ఆపేశారు; అది శరీరంలో నుంచి పూర్తిగా పోవడానికి నెలలు పడుతుంది కనుక అసలు పరీక్ష ఆ తరువాతే అని చెప్పారు. సాయంత్రం కాలువగట్టు మీద నడక మొదట పావుగంట, తరువాత అరగంట, ఆపైన మధ్యలో కూర్చోకుండా తిరిగి వచ్చేంత దూరం పెరిగింది. ఏడాది చివర హోల్టర్ పెట్టినప్పుడు చాలా కొద్ది నిమిషాలు మాత్రమే దడ నమోదైంది, అది నాకు తెలియను కూడా తెలియలేదు.

ఇక్కడే మొదటి ప్రశ్న మళ్లీ ఎదురవుతుంది. కొద్ది నిమిషాలు నమోదైనందుకు నా చికిత్స విఫలమైనట్లా? పాత పద్ధతిలో లెక్కవేస్తే, బ్లాంకింగ్ వ్యవధి దాటాక అర నిమిషం పైగా దడ నమోదైతే చాలు, జబ్బు తిరగబెట్టినట్లే. వచ్చిపోయే రకం జబ్బు ఉన్నవారిలో ఒక చికిత్సతో ఏడాదిపాటు ఏ దాడీ లేకుండా ఉండేవారు నూటికి 70 మంది దాకా ఉంటారని, విడవకుండా ఉండే రకంలో అంతకన్నా తక్కువమంది ఉంటారని సాధారణంగా చెబుతారు. కానీ ఈ అంకె ఎంత శ్రద్ధగా వెతికారన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. 2019లో వెలువడిన సర్కా-డోస్ అనే కెనడా అధ్యయనంలో 346 మందికి చర్మం కింద పరికరం అమర్చి నిరంతరం గమనించారు. అలా వెతికినప్పుడు ఏడాదిలో దాదాపు సగంమందికి ఎప్పుడో ఒకప్పుడు ఏదో ఒక దడ కనిపించింది. అయితే అదే వ్యక్తుల్లో దడలో గడిచిన మొత్తం కాలం 98 శాతానికి పైగా తగ్గింది. నా అనుభవానికి సరిపోయే కొలత ఇదే. "తగ్గిపోయిందా" అని కాకుండా "ఎంత తగ్గింది, ఏమి చేయగలుగుతున్నావు" అని అడిగితే నేను సంతోషంగా, నిస్సంకోచంగా జవాబు చెప్పగలను.

మా తమ్ముడు భౌతికశాస్త్రం బోధించినవాడు, ఏదీ ఊరికే ఒప్పుకోడు. "చికిత్స జరిగిందన్న ధైర్యం వల్లే బాగున్నట్లు అనిపిస్తోందేమో అక్కా" అని ఒకసారి అన్నాడు. అది న్యాయమైన సందేహమే. నేను ఆ మాటే డాక్టరుగారి ముందు పెట్టినప్పుడు 2024లో బ్రిటన్‌లో పూర్తయిన ఒక అధ్యయనం గురించి చెప్పారు. అందులో 126 మందిలో కొందరికి నిజంగా శీతల పద్ధతిలో అబ్లేషన్ చేశారు, మిగిలినవారికి గదిలోకి తీసుకువెళ్లి చికిత్స చేసినట్లు మాత్రమే నటించారు. ఎవరికి ఏది జరిగిందో రోగులకు తెలియదు. అందరికీ అమర్చిన పరికరాల్లో చూస్తే, ఆరు నెలల నాటికి దడలో గడిచే కాలం అబ్లేషన్ జరిగినవారిలో 60 శాతం, నటన జరిగినవారిలో 35 శాతం తగ్గింది, జీవన నాణ్యత కూడా మొదటి వర్గంలోనే ఎక్కువ బాగుపడింది. ధైర్యం వల్ల కొంత మేలు ఉన్నా, అబ్లేషన్ మేలు దానికి మించినదని తేలింది. తమ్ముడు ఆ అంకెలు రాసుకుని వెళ్లాడు.

చికిత్సతో పాటు నేను చేసిన మరి రెండు పనులు ఫలితానికి ఎంతో తోడ్పడ్డాయని నమ్ముతున్నాను. మొదటిది బరువు. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగి 2015లో వెలువడిన లెగసీ అధ్యయనంలో, ఒంటి బరువులో పదో వంతు తగ్గి దాన్ని నిలుపుకున్నవారు దడ లేకుండా ఉండే అవకాశం మిగతావారికన్నా ఆరు రెట్లు ఎక్కువని తేలింది. నేను అంత తగ్గలేకపోయినా, రాత్రి అన్నం తగ్గించి, ఉప్పు తగ్గించడం కోసం ఊరగాయలు, వడియాలు పండుగలకే పరిమితం చేసి, బీపీ అంకెలను కొత్త పుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. రెండోది గురక. నిద్రలో నా ఊపిరి మధ్యమధ్య ఆగుతోందని మా వారు ఏళ్లుగా చెబుతున్నారు. నిద్ర పరీక్షలో అది స్లీప్ ఆప్నియా అని తేలింది. నిద్రలో ఊపిరి ఆగినప్పుడల్లా పై గదుల మీద ఒత్తిడి పడుతుందట. ఇప్పుడు ముఖానికి మాస్కు పెట్టే సీపాప్ యంత్రంతో పడుకుంటున్నాను. అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది, కానీ ఉదయం లేచేటప్పుడు ఉండే తలభారం పోయింది. అబ్లేషన్‌కు లక్షలు ఖర్చుపెట్టడానికి సిద్ధపడే కుటుంబాలు నిద్ర పరీక్షను అనవసరమనుకోవడం నాకు బాధ కలిగిస్తుంది.

రక్తం పలచబరిచే మాత్ర గురించి ఇంట్లో జరిగినంత చర్చ మరి దేని గురించీ జరగలేదు. దడే లేనప్పుడు ఆ మాత్ర ఎందుకని అందరూ అడిగారు. చికిత్స తరువాత కనీసం రెండు మూడు నెలలు ఆ మాత్ర అందరికీ తప్పనిసరి, ఎందుకంటే కాలిన గోడ మీద రక్తం గడ్డ కట్టే ప్రమాదం అప్పుడే ఎక్కువ. ఆ తరువాత కొనసాగించాలా వద్దా అన్నది పక్షవాతపు ముప్పును బట్టి నిర్ణయిస్తారు, దడ పోయిందా లేదా అన్నదాన్ని బట్టి కాదు. వయసు, బీపీ, చక్కెర మూడూ ఉన్న నాకు కొనసాగించాలనే చెప్పారు, నేను కొనసాగిస్తున్నాను. నా కన్నా చిన్నవారికి, ఇతర జబ్బులు లేనివారికి ఆపే అవకాశం ఉండవచ్చు. అది వారి డాక్టరు నిర్ణయించవలసిన విషయం, పక్కింటివారి అనుభవాన్ని చూసి సొంతంగా చేయవలసిన పని కాదు. చిన్ననాటి కీళ్ల జ్వరం వల్ల మైట్రల్ కవాటం బాగా ఇరుకైనవారికి ఎపిక్సబాన్ వంటి కొత్త మందులు కాకుండా రక్తం పలచబరిచే పాత మందులైన ఎసిట్రోమ్, వార్ఫరిన్ వంటివే ఇస్తారు. మా పిన్ని అలా ఎసిట్రోమ్ వాడేది. ఆకుకూరలు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ కాకుండా చూసుకుంటూ, రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్షకు తిరుగుతూ ఉండేది. ఎపిక్సబాన్‌తో నాకు గోంగూర, పాలకూర విషయంలో ఆ ఇబ్బంది లేదు. పన్ను తీయించుకోవలసి వచ్చినప్పుడు మాత్రం దంతవైద్యుడికి ముందే చెప్పి, గుండె డాక్టరుగారిని అడిగి, వారు చెప్పినట్లే చేశాను. మోకాళ్ల నొప్పికి మందుల దుకాణంలో అడిగి తెచ్చుకునే నొప్పి మాత్రలు పూర్తిగా మానేశాను, ఎందుకంటే అవి ఈ మాత్రతో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు.

నాతో పాటే ఆసుపత్రిలో ఉన్న ఒకావిడకు దడ విడవకుండా ఉండే రకం. ఆమెకు ఏడాది లోపే దాడులు ఎక్కువై రెండోసారి అబ్లేషన్ చేశారు. సిరల చుట్టూ వేసిన వలయాల్లో రెండు చోట్ల సంకేతాలు దాటుతున్నాయని గుర్తించి, ఆ గండ్లు పూడ్చారని ఫోనులో చెప్పింది. నాకు కూడా అలా జరగవచ్చునని మా అమ్మాయి ఆందోళన. వచ్చే హోల్టర్ దసరా సెలవుల తరువాత ఉంది. దాడులు మళ్లీ పెరిగి నడక కుంటుపడితే రెండోసారి చేయించుకోవడానికి నేను సిద్ధమేనని, నాకు తెలియకుండా వచ్చిపోయే కొద్ది నిమిషాల దడ కోసం మాత్రం చేయించుకోనని మా అమ్మాయికి చెప్పాను. డాక్టరుగారు కూడా ఆ మాటకు ఒప్పుకుని, ప్రస్తుతానికి మెటోప్రొలాల్ సగం మోతాదుకు తగ్గించారు.